అంకె సరే, అడిగిన ప్రశ్నేమిటి?

మా విశాఖపట్నంలో ఫుల్ బాడీ చెకప్ ఇప్పుడు ఒక కానుక. అమ్మ పుట్టినరోజుకి కొడుకు డాలస్ నుంచి బుక్ చేస్తాడు. పొద్దున్నే ఒక కుర్రాడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళతాడు, సాయంత్రానికల్లా ఫోన్లో పీడీఎఫ్ దిగుతుంది. ఆడవాళ్ల ప్యాకేజీల్లో ఈమధ్య సీఏ-125 అనే పరీక్ష కూడా చేరుస్తున్నారు. అది 35 దాటిందంటే అంకె ముద్దగా, పక్కన పైకి చూసే బాణంతో వస్తుంది. ఇక ఆ ఇంట్లో ఆ రాత్రి నిద్ర లేనట్టే. తెల్లారగానే నాలాంటివాళ్ల ఫోన్లు మోగుతాయి. “డాక్టరమ్మా, మా అత్తకి నలభై రెండు వచ్చీసింది. గర్భసంచి కేన్సరేనేటి?”

నేను క్లినికల్ బయోకెమిస్ట్రీ డాక్టర్ని. రోగి ముఖం కంటే రోగి ట్యూబే ఎక్కువగా చూసే ఉద్యోగం. అందుకే కాబోలు, ఫోన్లో ఎవరు అంకె చెప్పినా ముందు మనిషి గురించి అడుగుతాను. ఆవిడకి ముట్లు ఆగిపోయాయా? ఆగాక మళ్లీ ఎప్పుడైనా మరక కనిపించిందా? కిడ్నీలు ఎలా ఉన్నాయి? ఏ మందులు వాడుతున్నారు? ఇవి చెప్పకుండా నలభై రెండు అంటే నాకది కొళాయి మీటర్ రీడింగుతో సమానం.

గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్‌ని ఎండోమెట్రియల్ క్యాన్సర్ అంటారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే సర్వైకల్ క్యాన్సర్ వేరు, ఇది వేరు. ముఖద్వారానిది వైరస్ వల్ల వస్తుంది, దానికి టీకా ఉంది. లోపలి పొరది చాలావరకు హార్మోన్ల కథ. ఈస్ట్రోజెన్ ఆ పొరని పెంచుతుంది, ప్రొజెస్టిరాన్ దాన్ని అదుపులో ఉంచుతుంది. ముట్లు ఆగాక అండాశయాలు పని మానేసినా, ఒంట్లో కొవ్వు మాత్రం మానదు. కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైము వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. అదుపు చేసే ప్రొజెస్టిరాన్ ఉండదు. అందుకే స్థూలకాయం, షుగర్, పీసీఓడీ ఉన్నవాళ్లలోనూ, రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్లలోనూ ఇది ఎక్కువ. లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉన్న కుటుంబాల్లో ముప్పు మరీ ఎక్కువ. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,17,000 మంది కొత్తగా దీని బారిన పడ్డారు. సంపన్న దేశాల్లో స్త్రీల జననాంగాలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. మన దేశంలో ముఖద్వారం క్యాన్సర్‌దే ఇప్పటికీ పైచేయి.

ఈ జబ్బులో ఒక మేలుంది. ఇది దాక్కోదు. ఈ క్యాన్సర్ ఉన్న స్త్రీలలో నూటికి తొంభై మందికి, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తుంది. గర్భసంచి దాటకముందే పట్టుకుంటే నూటికి తొంభై మందికి పైగా అయిదేళ్లు దాటి బతుకుతారు. అయితే తిరుగులెక్క అలా ఉండదు. అలా రక్తం కనిపించిన నూరుమందిని పరీక్షిస్తే క్యాన్సర్ ఉండేది సుమారు తొమ్మిది మందికే. మిగతా తొంభై ఒక్క మందికీ పొర పలచబడటమో, పాలిప్పో, హార్మోన్ల తేడానో కారణం. కానీ ఆ తొమ్మిదిమంది ఎవరో తేల్చడానికి అందరికీ లోపలినుంచి చేసే స్కానింగ్, పొర మందం 4 మిల్లీమీటర్లు దాటినవాళ్లలో చాలామందికి ముక్క పరీక్ష తప్పవు. ముక్క తీసేటప్పుడు నొప్పి ఉంటుంది. సన్న గొట్టం లోపలికి వెళ్లక, మత్తిచ్చి మళ్లీ చేయాల్సిన సందర్భాలూ ఉంటాయి. సోంపేట నుంచి రైలెక్కి వచ్చే మనిషికి ఒక పరీక్షంటే మూడు ప్రయాణాలు.

రక్తంలోని ఏదో ఒక ప్రొటీన్ చూసి ఈ సంగతి తేల్చగలమా అన్న ఆశ ఇక్కడ పుట్టింది. ఆశలో తప్పులేదు. కాకపోతే ‘రిస్కు’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ముందుముందు వస్తుందా? ఇప్పుడు ఉందా? ఉంటే ఎంత దూరం పాకింది? ప్యాకేజీ అమ్మేవాళ్లు మొదటిదానికి జవాబు ఇస్తున్నట్టు మాట్లాడతారు. నిజానికి చేతిలో ఉన్న ప్రొటీన్లు కాస్తో కూస్తో నమ్మకంగా జవాబు చెప్పేది మూడోదానికి.

సీఏ-125నే తీసుకోండి. 1981లో అమెరికాలో రాబర్ట్ బాస్ట్, ఆయన సహచరులు అండాశయ క్యాన్సర్ కణాలకు అతుక్కునే యాంటీబాడీ కోసం వెతికారు. వరసలో 125వది పనికొచ్చింది. అది పట్టుకునే పదార్థానికి అదే అంకె మిగిలింది. ఆ పదార్థం పొట్టలోపలి పొరలు, గర్భసంచి పొర మామూలుగానే తయారుచేసుకునే ఒక పెద్ద ప్రొటీన్. కాబట్టి క్యాన్సర్ లేకపోయినా పెరగడానికి దానికి బోలెడు కారణాలు. నెలసరిలో పెరుగుతుంది, గర్భంలో పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, లివర్ చెడి పొట్టలో నీరు చేరడం, గుండె బలహీనపడటం అన్నీ పెంచుతాయి. మన దేశంలో మరొకటి మరిచిపోకూడదు: పొట్టలో టీబీ. వందల్లో ఉన్న సీఏ-125 చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాక టీబీ అని తేలి, ఆరునెలల మందులతో మామూలైన కేసులు మా వృత్తిలో అందరూ చూసినవే. ఇక గర్భసంచి పొర క్యాన్సర్ తొలిదశలో చాలామందికి ఇది అసలు పెరగనే పెరగదు. అంటే లేనివాళ్లని భయపెడుతుంది, ఉన్నవాళ్లకి ధైర్యం చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి ఈ పరీక్షని ప్యాకేజీలో కలిపి అమ్మడం నా దృష్టిలో వైద్యం కాదు, వ్యాపారం.

ఇది ఉత్త కోపం కాదు, ప్రయోగం చేసి చూసిన సంగతే. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలను తీసుకుని, కొందరికి ఏటా సీఏ-125 చేసి, దాని పెరుగుదలని బట్టి స్కానింగులు చేస్తూ ఏళ్ల తరబడి గమనించారు. నడిపించింది లండన్‌లోని ఉషా మీనన్ బృందం. అది అండాశయ క్యాన్సర్ కోసం, అంటే ఈ పరీక్ష బాగా పనిచేస్తుందని అందరూ అనుకున్న జబ్బు కోసం. 2021లో తుది ఫలితాలొచ్చాయి. పరీక్షలు చేయించుకున్నవాళ్లలో ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు తగ్గలేదు.

తర్వాత వచ్చింది హెచ్ఈ-4. 1991లో దీన్ని మొదట మగవాళ్ల వృషణాల దగ్గరి నాళంలో గుర్తించారు. ఆడవాళ్ల క్యాన్సర్లలో పనికొస్తుందని తెలిసింది ఆ తర్వాత. గర్భసంచి పొర క్యాన్సర్‌లో సీఏ-125 కంటే ఇది ఎక్కువసార్లు పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లకీ, ఎండోమెట్రియోసిస్‌కీ అంతగా చలించదు. క్యాన్సర్ గర్భసంచి కండరంలోకి లోతుగా దిగినవాళ్లలో దీని స్థాయి ఎక్కువగా ఉంటుందని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. మా ల్యాబ్‌లో దీన్ని మొదలుపెట్టినప్పుడు నాకు సంబరమే.

అయితే హెచ్ఈ-4 ఒంట్లోంచి బయటికి పోవడానికి కిడ్నీలు కావాలి. కిడ్నీ దెబ్బతింటే క్యాన్సర్ లేకపోయినా ఇది రక్తంలో పేరుకుంటుంది, ఒక్కోసారి క్యాన్సర్ రోగుల్లో కంటే ఎక్కువగా. పాఠ్యపుస్తకంలో ఇదొక చిన్న వాక్యం. మాకు అలా కాదు. మా దగ్గరికి శాంపిళ్లు ఉద్దానం నుంచి వస్తాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. కొబ్బరితోటల, జీడితోటల నడుమ ఆ పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు వెతుకుతూనే ఉన్నారు. పొలం పనులు చేసుకునే, షుగరూ బీపీ లేని మనుషులకి క్రియాటినిన్ పెరిగిపోతుంది. అలాంటి ఊరి స్త్రీ రక్తంలో హెచ్ఈ-4 ఎక్కువ వచ్చిందంటే అది గర్భసంచి మాటో, కిడ్నీ మాటో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. అందుకే అదే ట్యూబులో క్రియాటినిన్ కూడా చేయకుండా నేను ఆ రిపోర్టు మీద సంతకం పెట్టను. డబ్బులెవరిస్తారని కౌంటర్లో గొణుగుతారు. గొణగనివ్వండి.

వయసుతో కూడా హెచ్ఈ-4 పెరుగుతుంది. నలభై ఏళ్ల మనిషికి పెట్టిన గీత డెబ్భై ఏళ్ల మామ్మకి పనికిరాదు.

ఇక ఈ రెండూ నిజంగా ఉపయోగపడే చోటుకి వద్దాం. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలిపోయింది, ఆపరేషన్ చేయాలి. గర్భసంచి, అండాశయాలు తీస్తారు సరే, పొత్తికడుపులోని లింఫు గ్రంథులన్నీ కూడా తీయాలా? తీస్తే క్యాన్సర్ అక్కడికి పాకిందో లేదో తెలుస్తుంది. కానీ కొందరికి తర్వాత కాళ్లు వాచి, జీవితాంతం ఆ వాపుతో కాపురం చేయాల్సొస్తుంది. తీయకపోతే పాకినది లోపలే మిగిలిపోవచ్చు. ఇక్కడ ఆపరేషన్‌కి ముందు రక్తం ఒక మాట సాయం చేయగలదు. కొరియా డాక్టర్లు 2012లో ప్రచురించిన పద్ధతి నాకు నచ్చుతుంది. ఎమ్మారైలో కండరం లోతుకి దిగిన జాడ లేదు, గ్రంథులు ఉబ్బలేదు, గర్భసంచి బయట ఏమీ లేదు, ముక్క పరీక్షలో మామూలు రకమే, సీఏ-125 కూడా 35 లోపే. ఇవన్నీ కుదిరితే గ్రంథులకి పాకే అవకాశం చాలా తక్కువ అని లెక్క. చూడండి, అదే సీఏ-125, అదే 35. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో అల్లరి చేసిన అంకె ఇక్కడ బుద్ధిగా పనిచేస్తుంది, ఎందుకంటే అడిగిన ప్రశ్న మారింది, పక్కన సాక్షులున్నారు. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో రంగు ఎక్కించి, క్యాన్సర్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులనే వెతికి తీసే పద్ధతి వచ్చింది. అది దొరకని చోట రక్తపరీక్ష విలువ ఇంకా ఎక్కువ.

క్యాన్సర్ స్వభావం ఎలాంటిదో మాత్రం రక్తంలోని ప్రొటీన్ చెప్పదు, ముక్కే చెప్పాలి. 2013లో అమెరికా జన్యు పరిశోధకులు ఈ క్యాన్సర్‌ని నాలుగు తెగలుగా విడగొట్టారు. అందులో ఒకటి చూడటానికి భీకరంగా ఉన్నా చికిత్సకి బాగా లొంగుతుంది. పీ53 జన్యువు చెడినది మాత్రం మొండిది. 2023లో అంతర్జాతీయ గైనకాలజీ సమాఖ్య జబ్బు దశలు నిర్ణయించే పద్ధతిలోకి కూడా ఈ విభజనని తీసుకొచ్చింది. కాబట్టి రక్తపరీక్ష వచ్చింది కదా, ముక్క ఎందుకు అనేవాళ్లుంటే నమ్మకండి.

ఇప్పుడు మధ్య ప్రశ్న: రక్తం కనిపించిన ఈ మనిషికి ఇప్పుడు క్యాన్సర్ ఉందా? ఒక లెక్క వేసి చూపిస్తాను. ఉన్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టేది, లేనివాళ్లలో నూటికి 90 మందికి లేదని చెప్పేది ఒక పరీక్ష దొరికిందనుకుందాం. దాన్ని ఏ బాధా లేని 10,000 మందికి చేశాం, వాళ్లలో పదిమందికి జబ్బుందనుకోండి. తొమ్మిదిమంది దొరుకుతారు, వాళ్లతోపాటు 999 మంది ఊరికే భయపడతారు. అదే పరీక్షని ముట్లాగాక రక్తం కనిపించిన 1,000 మందికి చేశాం. జబ్బున్న 90 మందిలో 81 మంది దొరుకుతారు, 91 మంది ఊరికే భయపడతారు, 828 మందికి ‘బహుశా లేదు’ అనే కబురు వెళుతుంది. వాళ్లలో తప్పిపోయేది 9 మంది. పరీక్ష ఒకటే. మొదటి చోట పెద్ద గందరగోళం, రెండో చోట ఎందరికో ముక్క పరీక్ష తప్పించగల పనిముట్టు. ఆ 9 మంది కోసమే, మళ్లీ మరక కనిపిస్తే మళ్లీ రమ్మని గట్టిగా చెప్పి పంపాలి.

ఈ ‘లేదు’ అనే కబురు మన రాష్ట్రాల్లో ఎంత విలువైనదో ఒక అంకె చెబుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇందులో అవసరమైనవీ ఉన్నాయి. కానీ ‘ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటకి బెదిరి, ముప్పై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు మన చుట్టాల్లోనే కనిపిస్తారు. ఆ మాట అన్నవాళ్ల ముందు పెట్టడానికి ఆ స్త్రీ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

అలాంటి పరీక్ష కోసం ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఎమ్మా క్రాస్బీ బృందం చాలాకాలంగా పనిచేస్తోంది. 2024లో వాళ్లు ప్రచురించిన పరిశీలన నాకు చాలా ఆసక్తి కలిగించింది. ముట్లాగాక లక్షణాలతో వచ్చిన 118 మంది స్త్రీల నుంచి రెండు రకాల నమూనాలు తీసుకున్నారు. ఒకటి రక్తం, రెండోది యోని ద్రవం. ఎన్నో ప్రొటీన్లని ఒక్కసారే తూచే యంత్రంతో చూసి, కంప్యూటర్‌తో జల్లించారు. ద్రవంలో అయిదు ప్రొటీన్లు, రక్తంలో మూడు నిలబడ్డాయి. జబ్బున్న ఒకరిని, లేని ఒకరిని జతగా తీసి ‘ఎవరికుంది’ అని అడిగితే, ద్రవం నూటికి 95 జతల్లో సరిగ్గా చెప్పింది, రక్తం 87 జతల్లో. నాకిది ఆశ్చర్యమనిపించలేదు. ఏ ఇంట్లో ఏం వండారో తెలియాలంటే ఆ ఇంటి దొడ్డివైపు నిలబడాలి గానీ ఊరి నడిబొడ్డున కాదు. రక్తంలో ఒళ్లంతా మాట్లాడుతుంది. రెండు జాబితాల్లోనూ ఉన్న హాప్టోగ్లోబిన్ లివర్ తయారుచేసేది, ఒంట్లో ఎక్కడ వాపొచ్చినా పెరిగేది. ఒక్కటే అయితే అది ఏమీ తేల్చలేదు. అయితే 118 మంది అనేది మొదటి మెట్టే. వేరే ఊళ్లో, వేరే మనుషుల్లో ఇవే ప్రొటీన్లు నిలబడాలి.

మొదటి ప్రశ్న, ముందుముందు వస్తుందా అన్నదానికి, ఏళ్లనాటి రక్తం కావాలి. బ్రిటన్ వాళ్ల యూకే బయోబ్యాంక్ 2006–2010 మధ్య అయిదు లక్షల మంది రక్తం తీసి గడ్డకట్టించి దాచింది. అందులో సుమారు 54,000 మంది రక్తంలో 2,900కి పైగా ప్రొటీన్లని కొలిచి 2023లో ఫలితాలు బయటపెట్టారు. ఇలాంటి నిల్వలున్నచోట, క్యాన్సర్ రావడానికి ఎన్నో ఏళ్ల ముందు రక్తం ఎలా ఉండేదో వెనక్కి వెళ్లి చూడొచ్చు. ఇప్పటిదాకా కనిపించిన వాటిలో నాకు బలంగా అనిపించేవి పాతవే. సెక్స్ హార్మోన్లని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ తక్కువగా ఉండటం, కొవ్వు కణాల నుంచి వచ్చే అడిపోనెక్టిన్ తక్కువగా ఉండటం, ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం. వీటి అర్థం ఒకటే: బొడ్డు చుట్టూ కొవ్వు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. అది తెలుసుకోవడానికి బయోబ్యాంకు అక్కర్లేదు, కుట్టుమిషన్ దగ్గరుండే టేపు చాలు.

ఆ అయిదు లక్షల మందిలో తొంభై శాతానికి పైగా తెల్లవాళ్లు. మనవాళ్ల రక్తానికి మనవాళ్ల చిక్కులుంటాయి. ఉదాహరణకి జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ ఉంది. గర్భసంచి పొర క్యాన్సర్ ముదిరినవాళ్లలో, గ్రంథులకి పాకినవాళ్లలో ఎక్కువగా ఉంటుందని నార్వేలోని బెర్గెన్ పరిశోధకులు చూపించారు. మెట్‌ఫార్మిన్ వాడితే కూడా జీడీఎఫ్-15 పెరుగుతుంది. ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉండేదే షుగర్ ఉన్న స్త్రీలకి, వాళ్లలో ఎక్కువమంది మింగేదీ ఆ బిళ్లే. ఇక జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో పరీక్షనే తారుమారు చేసి, ఉన్నదానికంటే తక్కువ చూపించగలవు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మన దగ్గర వాటిని మందుగా ఎవరూ లెక్కే వేయరు.

అందుకని నేను మా గైనకాలజిస్టులని అడుగుతున్నది ఇది. ముక్క పరీక్షకి వచ్చిన ప్రతి స్త్రీ దగ్గరా, ఎందుకో చెప్పి అనుమతి తీసుకుని, ఒక ట్యూబు రక్తం అదనంగా తీయండి. సీరం వేరుచేసి మైనస్ ఎనభై డిగ్రీల్లో పెడదాం. హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేని రోజుల్లో మా ఫ్రీజర్ పడిన పాట్లు గుర్తున్నాయి కాబట్టి జనరేటర్ డీజిల్ సంగతి నేను చూసుకుంటాను. ట్యూబుతోపాటు ముక్క రిపోర్టు, క్రియాటినిన్, నడుం కొలత, మందుల జాబితా రావాలి. కొందరు పంపుతున్నారు కూడా. పేచీ అంతా మందుల జాబితా దగ్గరే వస్తోంది. ఏం వాడుతున్నావమ్మా అంటే “పొద్దుట ఒక తెల్ల బిళ్ల, రాత్రికో తెల్ల బిళ్ల” అంటారు. అందులో మెట్‌ఫార్మిన్ ఏదో తెలియాలంటే, ఇంటికి ఫోన్ చేసి మనవడి చేత బిళ్లల అట్ట వెనక చదివించాల్సిందే.